నరహరి గారి మౌనవ్రతం, నేను వేసిన మందపాటి తీగ

పళ్ళకు క్లిప్పులు వేసే చదువు చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. పుస్తకాల్లో లేనిది ఏదైనా ఉంటే చెప్పండి మేడం అన్నారు. నాకు తోచింది ఒక్కటే. రోగికి ఎంత నొప్పి కలుగుతుందో మీరు ఆ రోజు కవరు చించి తీసే తీగ నిర్ణయిస్తుంది. ఏ కవరు చించాలో మాత్రం చాలాసార్లు మీ చదువు కాదు, మీ తొందర నిర్ణయిస్తుంది. వాళ్ళు మర్యాదగా తలలు ఊపారు గానీ ఇద్దరిలో ఒక్కరూ రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

చిక్కడపల్లిలో ఇరవై ఎనిమిదేళ్ళు క్లినిక్ నడిపాను. అంతకు ముందు నారాయణగూడలో ఆరేళ్ళు ఒక పెద్దాయన దగ్గర పనిచేశాను. పోయిన ఏడాది క్లినిక్ తాళాలు ఒక కొత్త డాక్టరు చేతిలో పెట్టి బయటికి వచ్చాను.

మా పని చెప్పడానికి చాలా చిన్నది. ప్రతి పన్ను మీద ఒక చిన్న బిళ్ళ అతికిస్తాం. ఆ బిళ్ళల గాడిలో ఒక తీగ కూర్చోబెడతాం. వంకర పళ్ళ మధ్య వంగి కూర్చున్న తీగ మళ్ళీ తన అసలు ఆకారానికి రావాలని చూస్తుంది. వస్తూ వస్తూ పళ్ళను తనతో పాటు తెస్తుంది. మొదట సన్నటి గుండ్రటి తీగ వేస్తాం. అది మెత్తగా లాగుతుంది. పళ్ళు కాస్త వరసకు వచ్చాక కొంచెం లావుది, ఆ తర్వాత పలకలుగా ఉండేది, చివరికి గట్టి స్టీలు తీగ. మధ్యలో రెండు మెట్లు ఎగ్గొడితే పని తొందరగా అవుతుందని అందరికీ అనిపిస్తుంది. అవదు. పన్ను చుట్టూ ఉన్న ఎముక కరగాలి, మళ్ళీ కట్టుకోవాలి. దానికి పట్టే కాలం దానికి పడుతుంది. లావు తీగ వేస్తే తొందరగా వచ్చేది నొప్పి ఒక్కటే.

ఇది మూడో ఏడు విద్యార్థికి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా ఏం చేశానో చెబుతాను.

కట్టుడు పళ్ళకు క్లిప్పులు

ముందు మా పెద్దాయన గురించి. డాక్టర్ పురుషోత్తం గారికి నేను చేరేనాటికి అరవై దాటాయి. నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. రెండు వరసలూ కట్టుడు పళ్ళే. ఆ కట్టుడు పళ్ళ పై వరస మీద ఆయన క్లిప్పులు అతికించుకుని, తీగ వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోగుల ముందు నవ్వుతూ కూర్చునేవారు.

భయపడుతూ వచ్చిన పిల్లలకు తన నోరు చూపించి, నేను గూడ వేసుకున్న బిడ్డా, నాకైతే ఏం నొప్పి లేదు అనేవారు. అందులో అబద్ధం లేదు. ఆయన జీవితంలో అంతకంటే నిజమైన మాట చెప్పి ఉండరు.

అందరితో పాటు ఆయనకూ ఒక కార్డు ఉండేది. నెలకు ఒకసారి తన వంతు రాగానే వచ్చి కుర్చీలో పడుకునేవారు, నేను తీగ మార్చాలి. పళ్ళు తీసి ఇస్తే బల్ల మీద పెట్టుకుని రెండు నిమిషాల్లో మార్చేస్తానని ఒకసారి అన్నాను. పేషెంట్లు చూస్తే ఏమనుకుంటారమ్మా అన్నారు. తలుపు వేసి, మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా అంతే. నేను తీగ బిగిస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, జర మెల్లగా అని చెయ్యి ఎత్తేవారు. ఆరేళ్ళు నేను ఆ కట్టుడు పళ్ళకు మెల్లగా తీగ బిగించాను.

ఒకరోజు ముషీరాబాద్ నుంచి ఒక పదేళ్ళ పాప వచ్చింది. ఆయన మామూలుగా నోరు చూపించారు. ముట్టుకోవచ్చా తాతా అని అడిగింది. ముట్టుకో అన్నారు. పాప తీగను వేలితో పట్టుకుని లాగింది. వరస మొత్తం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. మేమంతా కొయ్యబారిపోయాం. పాప మాత్రం ఏడవలేదు. ఆ వరసను అటూ ఇటూ తిప్పి చూసి వాళ్ళమ్మతో, "ఇట్ల బయటికి తీసి చేస్తరంటే నేను చేయించుకుంట" అంది.

వాళ్ళమ్మ ఆ పాపను తీసుకుని మళ్ళీ రాలేదు. ఆ సంఘటన నుంచి పెద్దాయన నేర్చుకున్నది ఇంకా గట్టిగా పట్టే పేస్టు వాడాలని.

ఆయన చేతిలో గొప్ప పనితనం ఉండేది. స్టీలు తీగను మెలి తిప్పి సన్నటి ఉచ్చులు వేయడం నాకు నేర్పింది ఆయనే. కానీ నొప్పి విషయంలో పిరికివారు. రోగి ముఖంలోకి చూసి, నొప్పి ఉంటుంది, ఇన్ని రోజులు ఉంటుంది అని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఆ ధైర్యం నాకు ఉందని చాలా ఏళ్ళు అనుకున్నాను.

చేతులు పైకెత్తి నవ్వాలి

చిక్కడపల్లిలో నా క్లినిక్ మొదటి అంతస్తులో ఉండేది. కింద పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం. నాతో పాటు సరోజ అని ఒక సహాయకురాలు. నాకంటే రెండేళ్ళు పెద్ద, పద్దెనిమిదేళ్ళుగా నా పక్కన నిలబడి పనిముట్లు అందించిన మనిషి.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నరహరి గారు వచ్చారు. అశోక్ నగర్‌లో సొంత ఇల్లు, ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు, యాభై నాలుగేళ్ళు. అంతకు చాలా ముందు వాళ్ళమ్మాయికి నేనే క్లిప్పులు వేశాను, అందువల్ల ఆ కుటుంబం నాకు తెలుసు. ఆయన మాట్లాడినంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారని కూడా తెలుసు. పై పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి, కోరపన్ను ఒకటి చిగురు మీది నుంచి బయటికి తొంగి చూస్తుండేది.

విషయం ఏమిటంటే డాక్టరు నడవమన్నారని ఆయన పొద్దున్నే పార్కుకు పోతున్నారు. అక్కడ ఒక నవ్వుల క్లబ్బు ఉంది. ఇరవై మంది గుండ్రంగా నిలబడి పెద్దగా నవ్వుతారు. ఇన్నాళ్ళూ ఆయన కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నెట్టుకొచ్చారు. ఈ మధ్య కొత్త గురువుగారు వచ్చి, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి నవ్వాలని నియమం పెట్టారు. నరహరి గారు రెండు చేతులూ ఎత్తారు. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. నోరు మూసుకుని నవ్వడానికి చూశారు. గురువుగారు అందరి ముందూ ఆపించి, మీ నవ్వు బయటికి వస్తలేదు సార్ అన్నారు. పైగా ఆరు నెలల్లో వార్షికోత్సవం, ముందు వరసలో నిలబెడతామన్నారు.

"నాకు పళ్ళు సీదా కావాలె డాక్టర్ గారు. జల్ది కావాలె. ఇంకో మాట, మా ఇంట్ల తెల్వద్దు. ఈ వయసుల ఇదేం సోకు అంటది మా ఆమె."

ఇరవై నెలలు పడుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా ఎదురుగా కిటికీ ఉంది. కిటికీలోంచి రోడ్డుకు అవతల కొత్తగా తెరిచిన క్లినిక్ బోర్డు కనిపిస్తుంది. ఆరు నెలల్లో అందమైన చిరునవ్వు అని దాని మీద రాసి ఉంది. ఆ నెలలో నా రోగులు ఇద్దరు రోడ్డు దాటి అటు వెళ్ళిపోయారు. నేను ఆ బోర్డు వైపు చూసి, పది నెలల్లో అయ్యేలా చూద్దాం అన్నాను.

క్లిప్పులు అతికించడం అయ్యాక సరోజ సన్న తీగ కవరు అందించింది. వద్దన్నాను. పలకల తీగ అడిగాను.

"అది మూడోసారి వేసేది గద మేడం" అంది సరోజ.

ఇవ్వమన్నాను, ఇచ్చింది. ఆమె ముఖం చూడకుండా వేశాను. వంకర పళ్ళలోకి దాన్ని నొక్కి పెట్టడానికే పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఎప్పుడైనా ఆగి ఉండవచ్చు. నేను ఆగలేదు. కొంచెం నొప్పి ఉంటుంది అన్నాను. ఎంత, ఎన్ని రోజులు అన్నది చెప్పలేదు. ఆయన మాస్కు పెట్టుకుని సంతోషంగా మెట్లు దిగారు.

ఒక్కసారి తల ఊపినందుకు

తర్వాత జరిగింది ఆయన నాకు చాలా రోజులకు చెప్పారు.

సాయంత్రానికి పై పన్ను కింది పన్నుకు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. విమలమ్మ గారు, అంటే ఆయన భార్య, అన్నం వడ్డించారు. ఆయన కంచం ముందు కూర్చుని నోరు తెరవలేదు. ఏమైందని మూడుసార్లు అడిగారు. నన్ను వదిలేయ్ అనే అర్థంతో ఆయన రెండు చేతులూ జోడించారు. ఆ రోజు ఏకాదశి అన్న సంగతి ఆయనకు తెలియదు, ఆమెకు తెలుసు. మౌనవ్రతమా అని అడిగారు. ఆయన తల ఊపారు.

మామూలు తీగ అయితే మూడు రోజుల్లో నొప్పి తగ్గేది. ఈ తీగకు పదిహేను రోజులు పట్టింది. ఈలోగా వ్రతం స్థిరపడిపోయింది. నమలడానికి గంట పడుతుంది కాబట్టి పూజగదిలో తలుపు వేసుకుని పెరుగటుకులు, సగ్గుబియ్యం జావ తీసుకునేవారు. దాన్ని అందరూ నియమం అన్నారు. ఇంట్లో కూడా మాస్కు పెట్టుకునేవారు. నాలుకకే కాదు, పెదవులకు కూడా సంయమం అన్నారు. ఆఫీసులో ఆయన మాట్లాడడం మానేశాక ఫైళ్ళు తొందరగా కదులుతున్నాయని పై అధికారి మెచ్చుకున్నారట.

ఇంతవరకూ అయితే పెద్ద ఇబ్బంది లేదు. వాళ్ళింటి పై పోర్షన్లో కిరాయికి ఉంటున్న ముగ్గురు అమ్మాయిలు పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ఒకరోజు పరీక్షకు పోతూ కాళ్ళకు దండం పెట్టారు. బాగా రాయండమ్మా అని నోటితో చెప్పలేక ఆయన ముగ్గురి తల మీదా చెయ్యి పెట్టారు. ముగ్గురూ పాసయ్యారు. అశోక్ నగర్‌లో ఏ ఇంట్లో చూసినా, ఏ హాస్టల్లో చూసినా పరీక్షలు రాసేవాళ్ళే. వార్త పాకడానికి రెండు రోజులు పట్టలేదు.

ఇవేవీ నాకు తెలియవు. నాలుగో వారంలో విమలమ్మ గారు క్లినిక్‌కి వచ్చి సరోజకూ నాకూ చెరొక దొన్నెలో పులిహోర పెట్టారు. ఏమిటి విశేషం అని అడిగాను. మా సారు స్వామి అయిన్రు డాక్టరమ్మా అన్నారు, ఎంతో ప్రశాంతంగా. ఒక్క మాట మాట్లాడరు, గట్టి పదార్థం ముట్టరు, గురువారం గురువారం జనం వస్తున్నారు, మీరు కూడా వచ్చి ఆశీర్వాదం తీసుకోండి అన్నారు. సరోజ దొన్నె పట్టుకుని స్టెరిలైజర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను పులిహోర తిన్నాను. రోగి రహస్యం ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. ఆమె ముందు ఏం చేయాలో తోచక మొత్తం తిన్నాను.

మర్నాడు నరహరి గారిని రమ్మని కబురు పంపాను. పలక, సుద్దముక్కతో వచ్చారు. ఇక్కడ మాట్లాడవచ్చు కదా అన్నాను. అలవాటు పోయింది అని పలక మీద రాశారు.

ఆయన చిగుళ్ళు చూడగానే నేను చేసిన పని ఏమిటో కనిపించింది. వాచి ఎర్రగా ఉన్నాయి. రెండు పళ్ళు వేలు పెడితే కదులుతున్నాయి. నాలుగు వారాల బాధకు పళ్ళు జరిగింది దాదాపు ఏమీ లేదు. తప్పు నాదేనని చెప్పి, తీగ విప్పి, మొదటి రోజు వేయాల్సిన సన్న తీగ వేశాను. పది నిమిషాల పని. మూడు రోజుల్లో నొప్పి పోతుంది, ఇంట్లో నిజం చెప్పండి అన్నాను.

ఆయన పలక పక్కన పెట్టి, గొంతు సవరించుకుని మాట్లాడారు. "ఇప్పుడు ఎట్ల చెప్తం డాక్టర్ గారు? మొన్న గురువారం నలభై మంది వచ్చిన్రు."

గోళ్ళు కత్తిరించే కత్తెర

తీగను పది నిమిషాల్లో సరిచేశాను గానీ అప్పటికే ఆయన చుట్టూ ఏర్పడినది నా ప్లయర్‌కు లొంగేది కాదు. ఏడో వారం గురువారం సాయంత్రం విమలమ్మ గారి పిలుపు తప్పించుకోలేక అశోక్ నగర్ వెళ్ళాను. ఆయన దవడ ఎలా ఉందో చూడాలని కూడా ఉంది. సన్నటి గుండ్రటి తీగలతో ఒక చిక్కు. అవి మెల్లగా ఒక పక్కకు జారతాయి, చివర బయటికి పొడుచుకొచ్చి బుగ్గలో గుచ్చుకుంటుంది. చివరలు మడిచి పెట్టాలి. సన్న తీగ వేసిన రోజు తొందరలో నేను ఒక వైపు మడవలేదేమోనని నాకు అనుమానంగా ఉంది.

వరండాలో తివాచీ పరిచి ఉంది. నరహరి గారు మాస్కుతో కుర్చీలో కూర్చున్నారు. గేటు దాకా వరస. నన్ను చూడగానే ఆయన కళ్ళలో కనిపించింది భక్తి కాదు, భయం.

వరసలో అనిత అనే అమ్మాయి ముందుకు వచ్చింది. పక్క వీధి హాస్టల్లో ఉంటుంది, పాలమూరు పల్లె నుంచి వచ్చింది. అమ్మానాన్నలు ఇదే నగరంలో భవనాల పనికి పోతారు. నాలుగేళ్ళుగా పరీక్షలు రాస్తోంది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది, రేపటిలోగా చెప్పాలి, చేరితే చదువు ఆగిపోతుంది అని గబగబా చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"వద్దని చెప్పనా సార్?"

సరిగ్గా అప్పుడు తీగ చివర ఆయన బుగ్గలో దిగింది. ఆయన తల కిందికీ పైకీ గట్టిగా అదిరింది. అనిత ఒక క్షణం చూసి, నమస్కారం పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయింది. ఆయన ఆమెను ఆపడానికి చెయ్యి ఎత్తారు. వరసలో ఉన్నవాళ్ళు అది ఆశీర్వాదం అనుకుని తలలు వంచారు. ఈలోగా తెల్లటి మాస్కు మీద ఎర్రటి చుక్క ఒకటి పడి వెడల్పు అయింది. ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన అది కుంకుమ అన్నాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

నేను లేచి, అందరూ జరగండి, నేను డాక్టర్ని అని ఆయన చెయ్యి పట్టుకుని పూజగదిలోకి తీసుకెళ్ళాను. విమలమ్మ గారు వెనకే వచ్చి తలుపు వేశారు. నా చేతిలో పనిముట్టు ఏదీ లేదు. గోళ్ళు కత్తిరించేది ఉంటే ఇవ్వమన్నాను. ఆమె తెచ్చిచ్చారు. ఆయన మాస్కు తీసి నోరు తెరిచారు. దీపం వెలుగులో పై వరస మొత్తం మెరిసింది.

విమలమ్మ గారు దగ్గరికి వంగి చూశారు. "ఏందిది?" అన్నారు.

ఏడు వారాల తర్వాత ఆ ఇంట్లో ఆయన పలికిన మొదటి మాట: "క్లిప్పులు."

నేను తీగ చివర కత్తిరించాను. టిక్కుమంది. ఆమె నా వైపు తిరిగి, మీకు ముందే తెలుసా అని అడిగారు. తెలుసు, రోగి సంగతి చెప్పకూడదు అన్నాను. సరే, చెప్పకూడదు, మరి పులిహోర ఎట్ల తిన్నరు అన్నారు. నేను కత్తిరించిన తీగ ముక్కను రుమాల్లో చుట్టుకున్నాను.

ఆయన మొత్తం చెప్పారు. పార్కు, రెండు చేతులు, వార్షికోత్సవం, లావు తీగ. ఆమె క్లిప్పుల గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"ఇరవై తొమ్మిదేండ్ల సంది నేనేమన్న మాట చెప్తే మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. నన్ను చూసి లోపల ఎక్కిరిస్తున్నరనుకున్న. మొన్న మీ ముందల కూసోని గదే చెప్పిన. మీరు కండ్లు మూసుకున్నరు. స్వామి విన్నడు, పోనీ అనుకున్న."

"ఎక్కిరించుడు కాదు విమలా" అన్నారాయన. "పండ్లు కనపడొద్దని."

"మరి ఒక్కసారన్న చెప్పొద్దా?"

 ఆమె కొంగుతో ఆయన గడ్డం మీద ఎండిన రక్తం తుడిచారు. కొంచెం గట్టిగానే తుడిచారు. తర్వాత, ముందు పోయి ఆ పిల్లకు నిజం చెప్పండి అన్నారు.

అనిత చెప్పింది

ఆయన మాస్కు లేకుండా వరండాలోకి వచ్చి, నాది వ్రతం కాదు, పళ్ళ చికిత్స అని అందరికీ చూపించారు. సగం మంది వెళ్ళిపోయారు. మిగిలిన సగం మందికి నమ్మకం ఇంకా పెరిగింది. స్వామి నోట్లో వెండి తీగ వెలిసిందని ఆ వీధిలో ఇంకో నెల చెప్పుకున్నారు. ముగ్గురు నా క్లినిక్‌కి వచ్చి, పళ్ళు బాగానే ఉన్నా సరే, పరీక్ష అయ్యేదాకా ఆ తీగ మాకూ వేయండి అని అడిగారు. పంపించేశాను.

మేం ముగ్గురం హాస్టల్‌కు నడిచాం. అనిత మెట్ల దగ్గరే ఉంది. నరహరి గారు ఆమె ముందు నిలబడి నోరు తెరిచి తీగ చూపించి, నేను తల ఊపింది నీ ప్రశ్నకు కాదు బిడ్డా, ఇది గుచ్చుకుంది, నా మాట విని ఉద్యోగం వదులుకోకు అన్నారు.   ఆ అమ్మాయి ఉద్యోగం పోతే ఆ తప్పు మొదలైంది నా కుర్చీలోనే.

అనిత ఆయన నోట్లోకి ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఇంటికాడ అడిగితే తలా ఒకటి చెప్తరు అంకుల్. మీరు ఏం చెప్పరు గదా అని మీ దగ్గరికొచ్చిన. అడుగుకుంట అడుగుకుంట నాకే తెలుస్తదనుకున్న. మీరు తల ఊపంగనే మస్తు కోపమొచ్చింది. నాలుగేండ్లు ఎట్ల చదివిన్నో తెల్వకుండ గట్ల ఎట్ల చెప్తరు? గేటు దాటంగనే ఫోన్ చేసి ఉద్యోగంల చేరుతానని చెప్పేసిన."

నరహరి గారు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. విమలమ్మ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకూ నవ్వు వచ్చింది. అలవాటు ప్రకారం చెయ్యి పైకి లేచింది. విమలమ్మ గారు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు.

అనిత ఇప్పుడు అదే ఆస్పత్రిలో బిల్లింగ్ విభాగం చూస్తోంది. పరీక్షలు రాయడం మానలేదు, ఆదివారాలు చదువుతుంది.

నేను మార్చుకున్నవి

నరహరి గారి చికిత్స ఇరవై ఒక్క నెలలు పట్టింది. ప్రతి మెట్టూ ఎక్కాం. వార్షికోత్సవంలో ఆయన క్లిప్పులతోనే ముందు వరసలో రెండు చేతులూ ఎత్తి నవ్వారు. కదిలిన రెండు పళ్ళు గట్టిపడ్డాయి గానీ ఒకదాని వేరు ఎక్స్‌రేలో కొంచెం పొట్టిగా కనిపిస్తుంది. అది నేను చేసిందే. ఆయనకు ఆ ఎక్స్‌రే చూపించి చెప్పాను.

ఆ తర్వాత ఎవరికీ కొంచెం నొప్పి ఉంటుంది అని చెప్పలేదు. ఇవాళ సాయంత్రం మొదలవుతుంది, రేపు ఎక్కువగా ఉంటుంది, ఎల్లుండి ఇడ్లీ తింటారు, నాలుగో రోజు అన్నం తింటారు, అయిదో రోజుకూ తగ్గకపోతే నాకు ఫోన్ చేయండి అని చెప్పేదాన్ని. చీటీ మీద రాసిచ్చేదాన్ని. రోగి తన ఇంట్లో ఒకరికైనా చెప్పనిదే మొదటి తీగ వేయలేదు. సరోజ ఏ కవరు అందించినా, నేను వేరేది అడిగితే ఎందుకో ఆమెకు చెప్పాలని నియమం పెట్టుకున్నాను. చెప్పలేకపోతే ఆమె ఇచ్చిందే వేసేదాన్ని. డాక్టర్ల సంఘం వాళ్ళు దీన్ని మెచ్చుకుంటారని నేను అనుకోను.

రోడ్డు అవతల క్లినిక్ నుంచి ఊగుతున్న పళ్ళతో కొందరు నా దగ్గరికి వచ్చారు. నేను వాళ్ళ డాక్టరును తిట్టలేదు. తిట్టడానికి నాకు ఏం అర్హత ఉంది?

నేను క్లినిక్ వదిలే ఏడాది విమలమ్మ గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పక్కన నరహరి గారు నిలబడ్డారు. ఆమె కింది పళ్ళు రెండు చిన్నప్పటి నుంచీ లోపలికి తిరిగి ఉన్నాయి. వాటి గురించి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదట. సరోజ సన్న తీగ అందించింది. నేను అదే తీసుకున్నాను. విమలమ్మ గారు కుర్చీ మీది లైటు వెలుగులోంచి తల తిప్పి నన్ను కాదు, భర్తను అడిగారు, నొప్పి ఉంటదా అని.

ఆయన కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఉంటది" అన్నారు. "మూడు దినాలు. నొప్పయితే నాతోని చెప్పు. ఏం చెప్పినా వింట."

ఆమె నోరు తెరిచారు.